రాతి మీద ఒక పేరు

అండమాన్ దీవులకు విహారయాత్రకు పోయినవారు తప్పక చూచి వచ్చే చోట్లలో వండూర్ ఒకటి. పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి (దీనికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని కొత్త పేరు వచ్చింది) నైరుతి దిక్కున, దక్షిణ అండమాన్ పడమటి తీరాన ఉన్న చిన్న పల్లె అది. అక్కడి రేవునుండి మర పడవలు జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు బయలుదేరుతాయి. పడవ అడుగున అమర్చిన అద్దంలోనుండి పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూచి యాత్రికులు పరవశిస్తారు. వండూర్‌కు ఎదుటనున్న పదిహేను దీవులనూ, వాటి చుట్టూ ఉన్న సముద్రాన్నీ కలిపి 1983లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు.

వండూర్ తీరంలో మోడువారిన పెద్ద పెద్ద చెట్లు ఇసుకలో పడి కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ఈ నేల కుంగింది. సముద్రం ముందుకు వచ్చింది. ఉప్పునీరు తగిలిన చెట్లు నిలువునా ఎండిపోయాయి. చూపరులు ఆ మోడుల పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు.

పట్టణంనుండి వండూర్‌కు పోయే యాత్రికులలో చాలామంది చూడకుండానే వెళ్ళిపోయే చోటు మరొకటి దక్షిణ అండమాన్‌లోనే ఉన్నది. దాని పేరు హంఫ్రీగంజ్. అక్కడ ఒక స్మారకం ఉన్నది. యుద్ధకాలంలో ప్రాణాలు పోగొట్టుకున్న నలభై నలుగురి జ్ఞాపకార్థం వెలసినది అది. వారిలో ఎవరూ యుద్ధరంగంలో పోరాడి చనిపోలేదు. ఏ దేశపు సైన్యపు జాబితాలోను వారికి చోటు లేదు. ఒకరు వారిని గూఢచారులన్నారు. ఇంకొకరు వారిని తమ లెక్కలోనికే తీసుకోలేదు.

యుద్ధంలో పాల్గొన్నవారి పేర్లను ఊరు ఎందుకు రాతి మీద చెక్కుకుంటుంది? ఎవరి పేరు చెక్కుతుంది, ఎవరి పేరు వదిలివేస్తుంది? ఈ నెల ఆ సంగతి విచారిద్దాం.

ఊరి గుడిలో ఊరివారి పేర్లు

ఇంగ్లండులో ఏ పల్లెకు పోయినా, ఆ ఊరి చర్చిలో గోడకు తాపిన పలక ఒకటి కనిపిస్తుంది. కొన్ని చోట్ల అది పాలరాయి, కొన్ని చోట్ల ఇత్తడి, మరికొన్ని చోట్ల ఓక్ చెక్క. మన క్రైస్తవుల వాడుకలో ‘విచారణ’ అని పిలిచే గ్రామ సంఘానికి చెందిన చర్చి అది. పలక మీద 1914 అనీ 1918 అనీ సంవత్సరాలు, వాటి కింద ఊరి యువకుల పేర్లు. ఒకే ఇంటిపేరు రెండు మూడు వరుసలలో వస్తే అన్నదమ్ములో, పెత్తండ్రి పినతండ్రి బిడ్డలో అయివుంటారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ ఆచారం అనాదిగా వస్తున్నది కాదు. అంతకు ముందటి యుద్ధాలలో రాజులకు, సేనానులకు విగ్రహాలు నిలిపారు గాని, మామూలు సిపాయి పేరు రాతిదాకా రావడం అరుదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పరిస్థితి మారింది. చనిపోయినవారి శవాలను స్వదేశానికి తీసుకురాగూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. డబ్బున్నవాడి కొడుకు శవం ఇంటికి చేరడం, పేదవాడి కొడుకు పరాయి మట్టిలో ఉండిపోవడం తగదని దానికొక కారణం. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంఘం కూడా ఆ సమత్వాన్నే పట్టుకున్నది. సేనాపతికైనా సిపాయికైనా సమాధి రాయి ఒకే కొలత.

న్యాయంగానే ఉన్నది గాని, కొడుకు సమాధి మీద పువ్వు పెట్టడానికి సముద్రం దాటి పోలేని తల్లి ఎక్కడికి పోవాలి? ఆమె ఆదివారం నాడు ప్రార్థనకు పోయే చర్చిలోనే అతని పేరు కనిపించాలి. అందుకే ఊరూరా చందాలు వేసుకుని పలకలు చేయించారు. ఆ దేశంలో నమోదయిన యుద్ధ స్మారకాల సంఖ్య లక్ష దాటిందంటే, ఆ దుఃఖం ఎంత విస్తారమైనదో ఊహించవచ్చు.

కొన్ని ఊళ్ళలో చనిపోయినవారి పేర్లే కాక, వెళ్ళినవారందరి పేర్లూ రాశారు. కాలో కన్నో పోగొట్టుకుని తిరిగివచ్చినవాడు, పైకి ఏ గాయమూ లేకపోయినా రాత్రుళ్ళు ఉలికిపడి లేచేవాడు కూడా యుద్ధానికి మూల్యం చెల్లించినవాడే కదా! వెళ్ళినవారంతా క్షేమంగా తిరిగివచ్చిన అదృష్టవంతమైన పల్లెలు కూడా కొన్ని ఉన్నాయి. ఆర్థర్ మీ అనే రచయిత 1930లలో వాటికి ‘కృతజ్ఞ గ్రామాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇంగ్లండు, వేల్స్ రెండింటిలోను కలిపి ఇప్పటికి తేలినవి యాభైకి కొద్దిగా పైన మాత్రమే. రెండు ప్రపంచ యుద్ధాలలోను ఎవరినీ పోగొట్టుకోని ఊళ్ళు పది పదిహేనుకు మించవు.

అయితే ఆ పలకల మీద ఖాళీలు కూడా ఉన్నాయి. పిరికితనం చూపారనో, పారిపోయారనో స్వపక్షం సైన్యమే కాల్చి చంపిన సిపాయిల పేర్లు చాలా ఊళ్ళలో చెక్కలేదు. తల్లిదండ్రులు తలవంచుకుని బ్రతికారు. ఎనభై ఏళ్ళకు పైగా గడిచిన తరువాత, 2006లో బ్రిటిష్ పార్లమెంటు అటువంటివారిలో 306 మందికి మరణానంతర క్షమాపణ ప్రసాదించింది. వారిలో పెక్కుమంది యుద్ధ బీభత్సానికి మతి చలించినవారేనని అప్పటికి లోకానికి తెలిసివచ్చింది. కొన్ని ఊళ్ళు వారి పేర్లను ఆలస్యంగానైనా పలకకెక్కించాయి. రాతి మీద పేరు లేకపోవడం కూడా ఒక శిక్షేనని దీనివల్ల తెలుస్తున్నది.

మన వీరగల్లులు

చనిపోయిన వీరుడికి రాయి నిలపడం మనకు పరాయివారు నేర్పిన విద్య కాదు. రాయలసీమ పల్లెలలో పొలంగట్ల మీద, చెరువుకట్టల మీద వీరగల్లులు నేటికీ కనిపిస్తాయి. ఊరి ఆవులమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడికి, పులితో పోరాడి పడిపోయినవాడికి ఊరు నిలిపిన రాళ్ళు అవి. చేత కత్తి పట్టిన బొమ్మ ఒకటి, దాని పైన రెండు మూడు ముక్కల శాసనం. తెలుగు భాష పాత రూపాలను తెలుసుకోవడానికి పండితులు ఆశ్రయించే ఆధారాలలో ఈ రాళ్ళు కూడా ఉన్నాయి.

పల్నాటి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధంలో పడిన వీరులకు అక్కడ ఏటేటా కార్తిక మాసంలో ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు తమ పూర్వీకుల ఆయుధాలను మోసుకుని ఊళ్ళనుండి తరలివస్తారు. కులభేదం లేకుండా చాపకూడు తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన నియమాన్ని ఆ ఉత్సవంలో ఒకనాడు పాటిస్తారు. ఇంగ్లండు చర్చిలో పలక చేసే పనినే ఇక్కడ ఆయుధం చేస్తున్నది. ఫలానా వాడు మా ఊరివాడు, మా ఇంటివాడు అని చాటుతున్నది.

ఆధునిక కాలానికి వస్తే, పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దాపున ఉన్న మాధవరం గ్రామానికి ‘మిలటరీ మాధవరం’ అనే పేరు స్థిరపడిపోయింది. రెండు ప్రపంచ యుద్ధాలకూ, స్వతంత్ర భారత సైన్యానికీ ఇంటింటినుండి మనుష్యులను పంపిన ఊరది. ఆ ఊళ్ళోనూ సైనికుల స్మారకం వెలసింది.

అంకెలుగా మారిన మనుష్యులు

మొదటి ప్రపంచ యుద్ధానికి భారతదేశంనుండి పది లక్షలకు పైగా మనుష్యులు సముద్రం దాటి వెళ్ళారు. డెబ్బై నాలుగు వేలమంది వరకు తిరిగి రాలేదు. యుద్ధం ముగిసిన తరువాత, ఎక్కువమందిని పంపిన మన గ్రామాలలో ప్రభుత్వమే చిన్న చిన్న పాలరాతి పలకలు పెట్టించింది. వాటి మీద ఉన్న మాటల సారాంశం ఇది: ఈ గ్రామంనుండి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు.

ఇంగ్లండు పల్లెలోని పలకకూ మన పల్లెలోని పలకకూ భేదం ఎక్కడున్నదో గమనించండి. అక్కడ పేర్లు. ఇక్కడ అంకెలు.

ఈ భేదం పల్లెలతో ఆగలేదు. ఇరాక్‌లోని బస్రాలో 1929లో ఆవిష్కరించిన మహా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కారు. వేలకొద్దీ భారతీయ సిపాయిలను మాత్రం పటాలాలవారీగా అంకెలలో చూపి ఊరుకున్నారు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్‌లో 1927లో వెలసిన స్మారకం మీద నాలుగు వేల ఏడు వందలకు పైగా భారతీయుల పేర్లున్నాయి. 1931లో పూర్తయిన ఢిల్లీ ఇండియా గేటు మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి. పేర్లు చెక్కడం అసాధ్యమేమీ కాదని వీటివల్లనే రుజువవుతున్నది.

సేనాపతికీ సిపాయికీ ఒకే రాయి అన్న సూత్రం ఐరోపాలో నిలిచింది. ఆసియా, ఆఫ్రికా ఖండాలలో సడలింది. ఈ సంగతిని సమాధుల సంఘమే 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికలో ఒప్పుకున్నది. భారతీయులు, ఆఫ్రికన్లు మొదలైనవారిలో 45 వేలనుండి 54 వేలమందికి సమానమైన స్మరణ జరగలేదని, మరి కనీసం 1,16,000 మందికి — ఈ సంఖ్య 3,50,000 వరకు కూడా ఉండవచ్చు — పేరు పేరునా స్మరణగాని, అసలే స్మరణగాని జరగలేదని ఆ నివేదిక తేల్చింది. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

నూరేళ్ళకు వచ్చిన ఆ క్షమాపణవల్ల ఎవరికి ఏమి ఒరిగింది అని అడగవచ్చు. గాని ఏదో ఒక పల్లెలో ఏదో ఒక ఇంట్లో, మా ముత్తాత బస్రాకు పోయి తిరిగి రాలేదట అని చెప్పుకునే కుటుంబానికి అది చిన్న సంగతి కాదు.

దీవుల మీద నాలుగు చీకటి సంవత్సరాలు

ఇప్పుడు అండమాన్‌కు తిరిగి వద్దాం. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రువుల పాలనలోనికి దీర్ఘకాలం పోయిన భారత భూభాగం ఇదొక్కటే. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. బ్రిటిష్ సైన్యం అంతకు ముందే వెళ్ళిపోయింది కాబట్టి ప్రతిఘటన లేదు. తెల్లదొరలు పోయారు, ఆసియావాసులే వచ్చారు అని సంతోషించినవారూ లేకపోలేదు. సెల్యులర్ జైలు తలుపులు తెరిచి ఖైదీలను విడిచిపెట్టారు.

ఆ సంతోషం వారం కూడా నిలువలేదు. ఇళ్ళలో జొరబడి దొరికినది తీసుకుపోతున్న సిపాయిలమీద జుల్ఫికర్ అలీ అనే యువకుడు గాలితుపాకి పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా అతన్ని అప్పగించేవరకు ఆ చుట్టుపక్కల ఇళ్ళను తగులబెట్టారు. చివరకు అతన్ని బహిరంగంగా హింసించి కాల్చి చంపారు. ద్వీపంలోనే ఉండిపోయిన మేజర్ బర్డ్ అనే ఆంగ్లేయ అధికారిని గూఢచారి అన్న నేరం మోపి, జనం చూస్తుండగా తల నరికారు.

అప్పటినుండి ‘గూఢచారి’ అన్న మాట ఆ దీవులలో మృత్యువుకు మారుపేరయింది. ఆ మాటకు కొంత ఆధారం లేకపోలేదు. యుద్ధానికి ముందు అండమాన్ పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్తీ 1943 జనవరిలో జలాంతర్గామిలో రహస్యంగా వచ్చి మధ్య అండమాన్ అడవులలో దిగాడు. అతని దళం ఆచూకీ జపాన్ వారికి దొరకలేదు. మిత్రపక్షాల విమానాలూ, జలాంతర్గాములూ మాత్రం గురి తప్పక దెబ్బ తీస్తున్నాయి. సమాచారం ఎవరు పంపుతున్నారు? తప్పు చేసినవాడు చిక్కకపోతే చిక్కినవాడే తప్పు చేసినవాడవుతాడు.

అలా చిక్కినవారిలో డాక్టర్ దివాన్ సింగ్ ఒకరు. వృత్తికి వైద్యుడు, ప్రవృత్తికి పంజాబీ కవి. కాలాపానీలో స్థిరపడినందున ‘కాలేపానీ’ అన్న మాట ఆయన పేరుకే అంటుకున్నది. జపాన్ వారి కాలంలో ఆ ద్వీపంలోని భారత స్వాతంత్ర్య సంఘానికి ఆయనే నాయకుడు. 1943 అక్టోబరులో ఆయనను నిర్బంధించి సెల్యులర్ జైలులో పెట్టారు. నెలల తరబడి హింసలకు ఓర్చి, చేయని నేరాన్ని ఒప్పుకోకుండా, 1944 జనవరి 14న ఆయన అక్కడే కన్నుమూశారు.

ఈ రెండు తేదీల నడుమనే నేతాజీ సుభాష్ చంద్రబోస్ అండమాన్‌కు వచ్చారు. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. సెల్యులర్ జైలును కూడా దర్శించారు. ఆ జైలులోనే ఒక భాగంలో దివాన్ సింగ్, ఆయన సహచరులు హింసలపాలవుతున్నారు. ఆ భాగాన్ని మాత్రం నేతాజీకి చూపలేదు. ఆయన చుట్టూ జపాన్ అధికారులే ఉన్నారు. స్థానికుల గోడు ఆయన చెవిదాకా పోలేదు.

పతాకం ఎగిరిన నాటికి సరిగా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, జైలునుండి నలభై నలుగురిని బండ్లలో ఎక్కించి హంఫ్రీగంజ్‌కు తీసుకుపోయారు. గూఢచారులన్నదే నేరం. అక్కడ తవ్విన గోతి ఎదుట కాల్చి, ఆ గోతిలోనే పూడ్చారు. వారు భారత స్వాతంత్ర్య సంఘానికి చెందినవారు. ఏ స్వాతంత్ర్యం పేరిట పోర్ట్ బ్లెయిర్‌లో జెండా లేచిందో, ఆ స్వాతంత్ర్యాన్నే కోరుకున్నవారు.

యుద్ధం ముగియవచ్చేసరికి దీవులలో కరవు తాండవించింది. ఓడలు రావడం ఆగిపోయింది. 1945 ఆగస్టులో, తిండికి కొరగానివారని ఎంచిన వందలాది ప్రజలను పంట పండించుకోవడానికి పంపుతామని ఓడలెక్కించి, హేవ్‌లాక్ దీవి దాపున సముద్రంలోనికి నెట్టారు. ఈది ఒడ్డు చేరినవారు ఆకలికి రాలిపోయారు. బ్రతికి బయటపడి కథ చెప్పినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ వందలాది జనానికి పేర్ల పలక మాట అటుంచి, సరియైన సంఖ్య కూడా చరిత్రలో లేదు. చెప్పేవారినిబట్టి అది మారుతూ ఉంటుంది.

ఒక విచారణ గురువు

ఊరి చర్చికీ యుద్ధానికీ ఉన్న సంబంధాన్ని అండమాన్ నికోబార్ దీవులలో చూడగోరితే, ఇంకా దక్షిణానికి, కార్ నికోబార్‌కు పోవాలి. ఆ దీవిలోని మూస్ అనే ఊరు నికోబారీ క్రైస్తవ సంఘానికి పుట్టిల్లు. వేదప్పన్ సోలమన్ అనే తమిళ ఉపదేశకుడు అక్కడ చిన్న బడి పెట్టి, హాచెవ్‌కా అనే కుర్రవాడిని బర్మాలోని మాండలేకు చదువుకు పంపాడు. జాన్ రిచర్డ్‌సన్ అనే పేరుతో ఆ కుర్రవాడు 1912లో ఉపాధ్యాయుడై ఊరికి తిరిగివచ్చాడు. అక్షరాలు నేర్పాడు, ఫుట్‌బాల్ ఆట నేర్పాడు, బైబిలు కొత్త నిబంధనను తన భాషలోనికి తెచ్చాడు. 1934లో గురువుగా అభిషిక్తుడయ్యాడు.

జపాన్ సేన కార్ నికోబార్‌ను కూడా ఆక్రమించింది. అక్కడ విమానాశ్రయం కట్టడానికి దీవివాసులచేత వెట్టిచాకిరి చేయించింది. 1945లో ఇక్కడా గూఢచారులన్న అనుమానం పుట్టింది. ఎందరో నికోబారీలను పట్టి హింసించి చంపారు. చనిపోయినవారిలో రిచర్డ్‌సన్ కుమారుడు కూడా ఉన్నాడు. చంపవలసినవారి వరుసలో రిచర్డ్‌సన్ పేరు కూడా ఉండేదని, యుద్ధం ముగియడంవల్లనే ఆయన బ్రతికాడని చెబుతారు. ఈ హత్యలకు బాధ్యులైన జపాన్ సైనికాధికారులను 1946లో సింగపూరులో జరిగిన యుద్ధ నేరాల విచారణలో నిలబెట్టారు.

కొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి తరువాత ఏమి చేశాడు? పగ పెంచుకుని కూర్చోలేదు. ఊళ్ళను మళ్ళీ నిలబెట్టాడు. యుద్ధానికి ముందు కొన్ని వందలే ఉన్న సంఘంలో, యుద్ధానంతరం దాదాపు ద్వీపమంతా చేరింది. 1950లో ఆయన బిషప్ అయ్యాడు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ దీవుల తరఫున నియమితుడయ్యాడు. 1975లో ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదునిచ్చింది. 1978లో ఆయన మరణించాడు.

నికోబారీలకు పూర్వంనుండి ఒక ఆచారం ఉండేది. చనిపోయినవారి ఎముకలను కొన్నేళ్ళ తరువాత వెలికితీసి, శుభ్రపరచి, పందులను కోసి ఊరంతటికీ గొప్ప విందు చేసేవారు. పోయినవాడు ఊరికి మరొకసారి అతిథిగా వచ్చినట్లన్నమాట. ఎముకలైనా దక్కితేనే కదా ఆ విందు! గోతులలో కలిసిపోయినవారికి, సముద్రం మింగినవారికి పేరు తలుచుకోవడమే విందు, పేరే అస్థిక.

2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్ తీరపు ఊళ్ళను తుడిచిపెట్టింది. యుద్ధకాలపు రన్‌వే ఉన్నచోటనే నెలకొన్న వైమానిక స్థావరంలో వాయుసేన సిబ్బంది, వారి కుటుంబీకులు వందకు పైగా కొట్టుకుపోయారు. ఇళ్ళు, చర్చీలు, సమాధులు నేలమట్టమయ్యాయి. రాతిని నమ్ముకున్న జ్ఞాపకానికి సముద్రం పెద్ద పరీక్ష పెట్టింది. మిగిలిన జనం మెరక మీద కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. ప్రార్థనలకు తిరిగి గుమిగూడారు.

ఎవరి పేరు, ఎవరి ఊరు

అండమాన్ దీవులలో పేర్ల చరిత్ర చిత్రమైనది. హంఫ్రీగంజ్ ఒక ఆంగ్లేయుని పేరు. హేవ్‌లాక్, నీల్ బ్రిటిష్ సేనానుల పేర్లు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీపమనీ, నీల్‌కు షహీద్ ద్వీపమనీ, రాస్ దీవికి నేతాజీ పేరూ పెట్టారు. 2023 జనవరిలో పేరులేని ఇరవై ఒక్క పెద్ద దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. దేశం తన వీరులను పటంలోనికి ఎక్కించుకున్నది. సంతోషించదగినదే.

కాని ఈ గౌరవాలన్నీ పైనుండి కిందికి దిగినవి. చర్చి గోడమీద పలక కిందినుండి పైకి లేచినది. అందులోని పేర్లు ఆ ఊళ్ళో పుట్టి, ఆ బావినీళ్ళు తాగి, ఆ బడిలో దెబ్బలు తిన్నవారివి. బిరుదున్నదా లేదా, పతకం వచ్చిందా రాలేదా అని అది అడగదు. ‘మనవాడు’ అంటుంది. ఏ ఢిల్లీ స్మారకమూ చెప్పలేని మాట అది.

దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా కలవారు సుమారు పదమూడు శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి చేపల వేటకు పోయి స్థిరపడినవారి సంతతి అందులో విస్తారం. అంతకు ముందే, 1922-24 నాటి రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరు ఖైదీలుగా ఆ ఒడ్డున దిగారు. వలస పోయినవారి సంతతికి ఆ నేల మీద జరిగిన కథలు కూడా తమవే అవుతాయి. మన పూర్వులు అప్పుడు ఇక్కడ లేరు కదా అని ఊరుకోవచ్చు. కాని ఒక ఊరికి చెందడమంటే ఆ ఊరి మృతులకు కూడా చెందడమే.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఊరి పెద్దలలో జ్ఞాపకమున్నవారిని అడిగి, బడిపిల్లలచేత ఒక నోటుపుస్తకంలో రాయించవచ్చు. ఏ యుద్ధానికి ఎవరు వెళ్ళారు, ఎవరు తిరిగివచ్చారు, ఎవరు రాలేదు. 1962లో, 1965లో, 1971లో, 1999లో సరిహద్దులకు పోయినవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన జాతీయ యుద్ధ స్మారకం గోడలమీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి. అవి స్వాతంత్ర్యానంతరం ప్రాణాలర్పించినవారివి. సేవచేసి తిరిగివచ్చి, పింఛను డబ్బుతో నాలుగు గేదెలు కొనుక్కుని, ఎవరికీ తన కథ చెప్పకుండా వెళ్ళిపోయినవాడి పేరు అక్కడ ఉండదు. అది ఉండవలసినది ఊళ్ళోనే. గుడిలోనో, చర్చిలోనో, మసీదులోనో, పంచాయతీ కార్యాలయంలోనో ఎక్కడైనా సరే.

ముగించే ముందు ఒక తేదీ సంగతి. హంఫ్రీగంజ్‌లో నలభై నలుగురిని చంపినది 1944 జనవరి 30న. సరిగా నాలుగేళ్ళకు, 1948 జనవరి 30న, ఢిల్లీలో గాంధీజీ హత్యకు గురయ్యారు. అందువల్ల ప్రతి ఏడూ ఆ నాడు ఉదయం పదకొండు గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. ఆ మౌనంలో, తెలిసినా తెలియకపోయినా, హంఫ్రీగంజ్ మృతులకు కూడా వాటా ఉన్నది. వండూర్‌లో పడవ ఎక్కి గాంధీజీ పేరుగల ఉద్యానవనంలో పగడాలు చూడబోయే యాత్రికుడు, ఆ సంగతి తెలిసిన తరువాతనైనా, ఒక గంట ముందు బయలుదేరి హంఫ్రీగంజ్‌లో బండి ఆపుతాడని ఆశిద్దాం. పువ్వులు లేకపోయినా ఫరవాలేదు. ఆగి, తల వంచి, మీరు గూఢచారులు కారు, మావారు అని మనసులో అనుకుంటే చాలు.